గుమ్మి అడుగున దోసెడు కందులు

బంట్వారపు నల్లరేగడిలో పుష్యమాసపు వేకువన కంది కోతకు దిగినప్పుడెల్ల, మంచుకు తడిసిన ఆకుల పచ్చివాసనతోపాటు ఏబది ఏండ్లనాటి మరియొక వాసన నాకు స్ఫురించును. ఊరి చివర బైరాగి మఠపు పెరటిలో రెండు గంజాయి మొక్కలుండెడివి. ఆకు నలిపిన వ్రేళ్ల జిగురు రాత్రి అన్నము వేళకును వదలక, తాతచేత నాకు రెండు మొట్టికాయలు తినిపించినది. విత్తనమెక్కడిదని అడిగినవారికి "మా గురువిచ్చిండు" అనెడివాడు బైరాగి. అంతకు మించిన వంశవృక్షము ఆ మొక్కకు లేదు.

1893లో ఆంగ్లప్రభుత్వము నియమించిన విచారణ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విని, గంజాయికి నిషేధమక్కరలేదు, పన్నుతో అదుపు చేసిన చాలునని తేల్చెను. 1985 నాటి చట్టము ఆ అధ్యాయమును మూసినది. నేడు సాగుచేసినవానికి పదేండ్ల వరకు కఠిన కారాగారము. దానిని నేను తప్పుపట్టను. విశాఖ మన్యపు గంజాయికి శీలావతి యని, ఏ ఇల్లాలికో పెట్టవలసిన పేరు పెట్టిరి. అది కొండ దిగి చేసిన పనులు శీలమునకు సంబంధించినవి కావు.

అయితే ఆ మొక్క నాకొక సంగతి నేర్పినది. దాని పుప్పొడి గాలిపాలు. పొరుగున వేరొక విత్తనము మొలచినచో నాటు గుణము నిలువదు. కంది పూవును తేనెటీగ కలుపును గనుక దాని గతియు కొంత అంతే. నాటు విత్తనము ఒక్క రైతు కాపాడగలిగినది కాదు, ఊరు కాపాడవలసినది.

మా నాయనమ్మ ఎఱ్ఱమట్టిని పలుచగా కలిపి, కందులకు రెండు చేతులా పట్టించి, ఎండబెట్టి గుమ్మికెత్తెడిది. పురుగు చేరెడిది కాదు. ఎండుతెగులు సాళ్లకు సాళ్లు మాడ్చినప్పుడు, దానిని తట్టుకొను ఆశ రకము 1993లో వచ్చినది, మేలే చేసినది. గుమ్మి మాత్రము ఖాళీ అయినది. మాకు ఉత్తరాన, జహీరాబాదు చెంత పస్తాపురములో దళిత స్త్రీలు సంఘములుగా కూడి పాతపంటల విత్తులు దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనుచున్నారు. మనకో, 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినదని సంబరము. పేరునకు రక్షణ దొరికినది, సరే, విత్తనమునకో?

మీ గుమ్మి అడుగున నాటు కందులు మిగిలియున్నచో, పప్పు విసరుటకు ముందు ఒక దోసెడు తీసి పక్క చేనివానికిండు.