హాస్యసంజీవని: ప్రహసనమా, పత్రికారచనా?

తెలుగు పత్రికల తొలి చరిత్ర రాసినవారిని ఎక్కువగా ఆకర్షించినది ‘మొదటి పత్రిక ఏది’ అన్న ప్రశ్న. 1835 నాటి బళ్లారి క్రైస్తవుల ‘సత్యదూత’కు ఆ స్థానం ఇవ్వాలా, 1838లో మండిగల వెంకటరామశాస్త్రి వెలువరించిన ‘వృత్తాంతిని’కి ఇవ్వాలా అన్న చర్చ సిద్ధాంతగ్రంథాల తొలి అధ్యాయాలను నేటికీ ఆక్రమిస్తూనే ఉంది. ఆపైన పత్రిక పేరు, సంపాదకుడు, సంవత్సరం, ఊరు అన్న పట్టిక వస్తుంది. పత్రికలో ఏ భాగాన్ని ఏ భాషలో రాశారు, అలా ఎందుకు రాశారు అన్నదానికి ఆ పట్టికలో గడి ఉండదు. కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ విషయంలో ఈ లోటు మరింత స్పష్టం.

1874లో మొదలైన ‘వివేకవర్ధని’ తొలుత చెన్నపట్టణంలో అచ్చయింది. సొంత ముద్రాక్షరశాల సమకూరిన తరువాత రాజమహేంద్రవరంలోనే వెలువడింది. కన్యాశుల్కం, వేశ్యాలోలత్వం, ఉద్యోగుల లంచగొండితనం దాని ప్రధాన లక్ష్యాలు. వాటిని ఖండించిన వ్యాసాల భాష మాత్రం గ్రాంథికం. స్త్రీవిద్యను వ్యతిరేకించిన కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషాసంజీవని’ దానికి ప్రత్యర్థి. నిత్యసంభాషణలోనూ పంతులుగారిది గ్రాంథికమేనని ప్రసిద్ధి. అంటే వాదప్రతివాదాలు ఎంత తీవ్రమైనా, ఇరుపక్షాల గద్యమూ ఒకే వ్యాకరణానికి లోబడి నడిచింది.

ఈ స్థితిని కదిలించినవి హాస్యపత్రికలు. కొక్కొండ ‘హాస్యవర్ధని’ని ప్రారంభించగా వీరేశలింగం ‘హాస్యసంజీవని’తో బదులిచ్చారు. ఎవరికివారు ఎదుటివారి పత్రిక పేరులోని సగాన్ని తీసుకుని దానికి హాస్యాన్ని తగిలించారు. రెండు పత్రికల పేర్లూ తెలిసిన పాఠకుడికే ఈ ఎత్తిపొడుపు అందుతుంది. అటువంటి ఉమ్మడి పాఠకలోకం ఒకటి అప్పటికే ఏర్పడిందనడానికి, నా దృష్టిలో, చందాదారుల లెక్కల కన్నా ఈ పేర్లే బలమైన సాక్ష్యం.

1876లో ‘హాస్యసంజీవని’లో వచ్చిన ‘బ్రాహ్మవివాహం’ తెలుగులో తొలి ప్రహసనంగా నాటకచరిత్రకెక్కింది. ముదుసలి వరుడికి పసిపిల్లను కట్టబెట్టే బేరం అందులోని వస్తువు. పాత్రలు తమతమ ఇళ్లలో మాట్లాడే తెలుగే మాట్లాడతాయి. ఈ రచనను తరువాతివారు గ్రంథసంపుటాల్లో నాటకానువాదాల సరసన చేర్చారు. అది సౌకర్యమే, కాని దానివల్ల ఒక నష్టం జరిగింది. ప్రహసనం తన పొరుగును కోల్పోయింది. ప్రధానపత్రిక గ్రాంథికంలో మందలించిన దురాచారాన్నే అనుబంధం వాడుకభాషలో ఎగతాళి చేసిందన్న సంబంధం సంపుటం చదివేవారికి కనిపించదు. ఒకే సంపాదకుడు ఒకే విషయంపై రెండు భాషలు వాడాడు. ఏది ఎక్కడ చెల్లుతుందో ఆయనకు స్పష్టమైన అంచనా ఉందన్నమాట. కనుక ‘బ్రాహ్మవివాహం’ మొదట పత్రికారచన. నాటకం అన్న గుర్తింపు తరువాత వచ్చినది. రంగస్థల ప్రయోగంగా వీరేశలింగం ప్రహసనాన్ని చూడదలిస్తే 1880లో ప్రదర్శితమైన ‘వ్యవహారధర్మబోధిని’ దగ్గర మొదలుపెట్టడం సబబు.

అయితే దీన్ని వ్యావహారికోద్యమానికి నాందిగా చెప్పడం అతిశయోక్తి. ‘హాస్యసంజీవని’లో వాడుకభాష నవ్వులపాలయ్యే పాత్రల నోటనే ఎక్కువగా పలికింది, సంపాదకుని సొంత గొంతుకు ఆ భాష దక్కలేదు. 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా మొదలైన ‘రాజశేఖరచరిత్రము’ కూడా గ్రాంథికాన్నే ఆశ్రయించింది. ఊళ్లో మాటను పత్రికలోకి రానిచ్చారు గాని పెద్దపీట వేయలేదు.

1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజానికి వీరేశలింగం అధ్యక్షులయ్యారు. ఆ ఏడాది మే నెలలోనే మరణించారు. దీన్ని విమర్శకులు జీవితాంతంలో వచ్చిన మనసు మార్పుగా వర్ణిస్తుంటారు. నలభైమూడేళ్ల కిందటి అనుబంధాన్ని ప్రధానపత్రిక పక్కన పెట్టి చదివితే, ఆ వర్ణనలోని ‘మార్పు’ అన్న మాటను సవరించుకోవలసి వస్తుంది. వాడుకభాష శక్తి ఆయనకు 1876లోనే తెలుసు. దానికి గౌరవస్థానం ఇవ్వడానికే అంతకాలం పట్టింది.