పాటు వేళకు పదండి

మొన్న ఆదివారం కోరింగ వెళ్ళాను. మడ అడవిలో చెక్క వంతెన మీద ముందో కుటుంబం, వెనకో కుటుంబం, నడుమ ఒక కుర్రాడి బ్లూటూత్ స్పీకరు. పాట మంచిదే, చోటే కాదు. ఈ కాలమ్ చదివేవారికి నా గోల కొత్తేం కాదు: అడవికి వెళ్ళేవాడు నోరు ఇంట్లో పెట్టి వెళ్ళాలి.

రెండో గోలా పాతదే. కోరింగకు గడియారం కాదు, పోటూ పాటూ చూసుకుని బయల్దేరాలి. పోటు మీదుంటే నీళ్ళూ ఆకులూ తప్ప కనిపించేది తక్కువ. పాటుకి నీరు తీసిందా, బురదంతా సందడే. నల్లమడ చెట్ల చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు ఊపిరి వేర్లు పైకి లేచి ఉంటాయి. ఒకే ఒక్క పెద్ద డెక్కున్న మగపీత దాన్ని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది. ఒక రకం చేపైతే ముందు రెక్కల మీద పాక్కుంటూ ఏకంగా బురదెక్కుతుంది. ఒంటి తడి ఆరనంతసేపూ దానికి బయటిగాలితో సరిపోతుంది.

ఇవన్నీ చూడటం నేర్పింది మా మేనమామ. గాలం వేసి గంటలు గంటలు కూర్చునేవాడు. నేను గట్టంతా పరిగెడుతుంటే "ముందు కాళ్ళాపరా, కళ్ళు వాటంతటవే పనిచేస్తాయి" అనేవాడు. గాలానికి చేప పడ్డ రోజులు తక్కువే. ఉత్తచేతుల్తో ఇంటికొచ్చి, నీటికుక్కలు చేప కోసం కొట్టుకున్న వైనం ఆయన వర్ణిస్తుంటే, అత్తయ్య చింతపండు నానేసిన గిన్నె వంక చూసేది. 1839 తుపానుకు కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయిన సంగతీ మొదట ఆయన నోటే విన్నాను.

ఆ స్పీకరు గుంపుల్ని లోపలికి రానివ్వొద్దని రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ ఆదివారం సాయంత్రమే పడవలో మెడకు జానెడు లెన్సు తగిలించుకున్న పెద్దమనిషొకాయన ఉన్నాడు. నోరెత్తని మనిషి. గట్టున నీటికుక్కలు చేప తింటూ కనబడగానే "ఇంకాస్త దగ్గరికి పోనీ బాబూ" అని పడవ అబ్బాయిని ఒకటే తొందర. అవి సగం తిన్న చేపను వదిలేసి నీళ్ళలోకి దూకాయి.

వంతెన మీది జనం గోల చేశారు గానీ బురదలో కాలు పెట్టలేదు. పలకల మీదే నడిచారు, పిల్లలకు పీతల్ని చూపించారు, పులిహోర తిని వెళ్ళారు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో వాళ్ళు తిరిగింది ఆ కాస్త మేరే.

వెళ్ళండి, పిల్లల్నీ తీసుకెళ్ళండి. స్పీకరు ఆపండి, పాటు వేళ ముందే కనుక్కోండి. పడవను దగ్గరికి పోనివ్వమని మాత్రం అడక్కండి.