ఏకాకి వైమానికుల గ్రంథములు

పటముమీద బళ్ళారినుండి మదరాసునకు ఒక సరళరేఖ గీచినచో అది మా తుమ్మలపల్లెకు మిక్కిలి దాపుననే పోవును. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదుమీదుగా బొంబాయికి చిన్న పుస్‌మాత్ విమానమున టపా తెచ్చెను. అచ్చటినుండి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ బళ్ళారిమీదుగా మదరాసునకు కొనిపోయెను. నేడు యురేనియపు గనివలన పత్రికలకెక్కిన మా యూరు ఆనాడు ఆకాశమున చూడదగినది మేఘమొక్కటియే యని నమ్మియుండిన పల్లె.

ఇట్టి వైమానికులనుగూర్చి చెప్పుకొనునప్పుడు మనవారి నోట మొదట వచ్చు మాట ‘ఒంటరిగా’ అనునది. సముద్రమును ఒంటరిగా దాటెను, ఎడారిని ఒంటరిగా గడచెను అని పిల్లలకు చెప్పుదుము. ఆ మాట ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు వారు వ్రాసిన గ్రంథములకంటె మంచి సాక్ష్యము లేదు. అందు కొన్ని ఆ మాటను మోసికొని తిరుగును. కొన్ని దానిని తామే కాదనును. నా మట్టుకు రెండవరకము పుస్తకములే నిలుచుననిపించుచున్నది.

1927 మే 20, 21 తేదీలలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్కునుండి పారిసునకు నడుమ ఎచ్చటను దిగక ముప్పదిమూడున్నర గంటలలో పోయెను. విమానముమీద అట్లాంటిక్ సముద్రమును దాటినవారిలో ఆయన మొదటివాడు కాడు. 1919లోనే ఆల్కాక్, బ్రౌన్ అను ఇరువురు ఆగక దాటియుండిరి. ఒంటరిగా దాటినవారిలో మొదటివాడు. కీర్తియంతయు ఆ యొక్క మాటకే దక్కినది. ఆ యేడే వెలువడిన ఆయన మొదటి గ్రంథమునకు పేరు మాత్రము ‘మేము’! లోకులు దానిని మనిషియు యంత్రమును అని అర్థము చేసికొని మురిసిపోయిరి. తనకు ధనమిచ్చి నిలిచిన సెయింట్ లూయిస్ నగరపు మిత్రులను కలుపుకొని తాను ఆ మాట వాడితినని లిండ్‌బర్గ్ మొత్తుకొనెను గాని వినువారు లేకపోయిరి. మన భాషలో నైనచో ఇట్టి గ్రంథమునకు పేరు పెట్టుటకు ముందే ‘మేము’ అనవలెనా ‘మనము’ అనవలెనా యని తేల్చుకొనక తప్పదు. ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్నది మన వ్యాకరణమే అడుగును.

ఆ గ్రంథము సుమారు మూడు వారములలో వ్రాయబడినది. చదివినచో అట్లే యుండును. బయలుదేరెను, మంచు కమ్మెను, దిగెను: ఇంతే. పడవలమీదికి విమానమును దించి ఐర్లండు ఎటువైపని బెస్తవారిని కేకవేసి యడిగిన ఘట్టమొక్కటి మాత్రము మనస్సున నాటుకొనును. వారు బదులు చెప్పలేదు. ఆకాశమున అంత దూరము వచ్చినవాడు దారి యడుగవలసివచ్చుట కంటె మానుషమైన సంగతి ఆ పుస్తకమున వేరొకటి లేదు.

అదే మనిషి అదే యాత్రను రమారమి పదునాలుగేండ్లు వ్రాసి, తిరుగవ్రాసి, 1953లో ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ అను తన విమానము పేరిటనే ప్రకటించెను. మరుసటి యేడు దానికి పులిట్జర్ బహుమానము వచ్చినది. ఈ గ్రంథమున శాన్‌డియేగోలోని కర్మశాల కనబడును. రెండు నెలలలో విమానమును కట్టి యిచ్చిన రయన్ కంపెనీ పనివారు కనబడుదురు. ఇంకను విశేషమేమనగా, నిద్రలేమిచే కన్నులు మూతపడుచున్న వేళ తన వెనుక ఛాయారూపములు చేరి మాటలాడినవనియు, దారినిగూర్చి హితవు చెప్పినవనియు గ్రంథకర్త ఒప్పుకొనును. ‘మేము’ అను గ్రంథమున వీని ప్రసక్తియే లేదు. ఇరువదియైదేండ్ల యువకుడు దాచినదానిని ఏబదియేండ్లు దాటినవాడు బయటపెట్టెను. బాల్యస్మృతులు మాటిమాటికి అడ్డువచ్చి యాత్రను కుంటుపరచుట దీనియందలి దోషము. నూరు పుటలు తగ్గించినచో గ్రంథమునకు మేలే జరిగియుండును. ఐనను సాహిత్యమనదగినది ఇదియే, మొదటిది వార్త.

ఈ గ్రంథమును ఆయన భార్యయైన ఆన్ మారో లిండ్‌బర్గ్‌కు అంకితమిచ్చి, ఇందులో ఎంత భాగము ఆమె వ్రాసినదో ఆమెయే ఎరుగదన్న భావమున నాలుగు మాటలు పెట్టెను. ఆమె స్వయముగా మంచి రచయిత్రి. భర్తతో సుదూర యాత్రలు చేసి, తంతిలేని వార్తాయంత్రమును నడిపి, 1935లోనే తన గ్రంథమును వెలువరించినది. ఇంత బహిరంగముగా ఒప్పుకొన్నను లిండ్‌బర్గ్ గ్రంథకర్తృత్వమును ఎవరును శంకింపలేదు.

దీనిప్రక్కన బెరిల్ మార్కమ్ కథ నుంచి చూడుడు. 1936 సెప్టెంబరులో ఆమె ఇంగ్లండునుండి పడమరగా, ఎదురుగాలిలో, ఒంటరిగా అట్లాంటిక్‌ను దాటి నోవాస్కోషియా బురదలో ముక్కు గ్రుచ్చి దిగినది. 1942లో వెలువడిన ఆమె గ్రంథము ‘వెస్ట్ విత్ ది నైట్’ మరుగుపడి 1983లో పునర్ముద్రణమై లోకమంతట చదువబడెను. వెంటనే ఒక సందేహము లేచినది: దీనిని వ్రాసినది ఆమెయా, ఆమె మూడవ భర్తయా? సందేహమునకు ఆధారమే లేదనుట న్యాయము కాదు. ఆయన వృత్తిచేత రచయితయే, వ్రాతపనిలో తోడ్పడెననియు చెప్పుదురు. కాని ఒకే పనిని పురుషుని పుస్తకమున అంకితమనియు, స్త్రీ పుస్తకమున అపహరణమనియు పిలుచు విమర్శకులను నేను నమ్మజాలను. మన యిండ్లలోను ఇంతే గదా! మగవాడు ఒంటరిగా పోయినచో ధైర్యమందుము. ఆడుది ఒంటరిగా పోయినదన్న మాటను గొంతు తగ్గించి చెప్పుకొందుము. 1936లో సరళా ఠక్రాల్ చీర కట్టుకొనియే జిప్సీమాత్ విమానమును నడిపినదని చెప్పినపుడును వినువారు ముందు చీరనుగూర్చియే యడుగుదురు.

మార్కమ్ గ్రంథమున సముద్రయాత్ర కొద్దియే. ఆఫ్రికా గుఱ్ఱములను, వేటను, రాత్రివేళ రోగులకై ఎగిరిన యెగురుటలను చెప్పు ప్రకరణములే దాని ప్రాణము.

మనవారి విషయమునకు వత్తము. ఇంగ్లండునకును హిందూదేశమునకును నడుమ ఏకాకిగా ఎగిరిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ 500 పౌనుల బహుమానము ప్రకటించగా, 1930లో మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్, టాటా పోటీపడిరి. ఎదురెదురుగా వచ్చుచున్న టాటాయు ఆస్పీయు ఈజిప్టులోని అబూకిర్‌లో కలిసికొనిరి. ఆస్పీవద్ద మారు స్పార్కుప్లగ్గులు లేవు. టాటా తనవి ఇచ్చెను. బహుమానము ఆస్పీకి పోయినది! దీనిని ఔదార్యకథగా చెప్పుట పరిపాటి. నాకు దీనియందు వేరొక సంగతి ముఖ్యముగా తోచుచున్నది: ఒంటరి యాత్రకై పెట్టిన పందెము ఒకరి సంచిలోని వస్తువు మరియొకరి యంత్రమున చేరుటచేత గెలువబడెను. టాటా స్వీయచరిత్ర వ్రాయలేదు. వ్రాసియుండినచో ఆ ప్రకరణము ఎట్లుండెడిదో!

ఈ గ్రంథములన్నింటిలో మా సీమవారికి మిక్కిలి దగ్గరగా నుండునది సెంటెగ్జూపెరీ 1939లో ప్రకటించిన ‘తెర్ దెజోమ్’. ఆయన ఒంటరి కాడు. 1935 డిసెంబరులో లిబియా ఎడారిలో విమానము కూలినపుడు యంత్రకారుడు ప్రెవో వెంటనున్నాడు. చేతనున్నవి కొన్ని ద్రాక్షలు, ఒక నారింజ, కొంచెము కాఫీ. పారాషూటు బట్టను పరచి మంచు పట్టి త్రాగగా అది కడుపున నిలువలేదు. నాలుగు దినములకు ఒక బెదవీ వచ్చి నీరిచ్చెను. నీటినిగూర్చి ఆయన వ్రాసిన పుటలను ఎండిన బావి గట్టున పెరిగినవారు చదువు తీరు వేరు. ఇతరులకు అలంకారముగా తోచునది మాకు లెక్కగా తోచును. ఆ బెదవీని సంబోధించి, నీ ముఖము నాకు జ్ఞప్తియుండదు, నీవు మానవుడవే యన్న అర్థమున ఆయన కీర్తించెను. కీర్తన గొప్పదే. కాని నీరిచ్చినవాని పేరు, ఊరు అడుగక లేచిపోవుట మా పల్లెలలో జరుగదు.