మొదట ఎగువకు

ఓరియెంటీరింగు అను క్రీడకు జన్మస్థానము స్కాండినేవియా అరణ్యభూమి. నాడు క్రిస్టియానియా యని పిలువబడిన ఓస్లో నగర సమీపమున 1897 అక్టోబరు 31వ తేదీన జరిగిన పందెమును దీని తొలి బహిరంగ పోటీగా పేర్కొందురు. 1919లో స్టాక్‌హోము చెంత ఎర్న్‌స్ట్ కిలాండర్ అను సైనికాధికారి పెద్దయెత్తున నడపిన పోటీతో అది జనాదరము సంపాదించెను. చేత పటము, దిక్సూచి. పటముపై ఊదారంగు వలయములు. ఆ వలయము సూచించు తావున నారింజ తెలుపు వన్నెల గుర్తు: ఇంతియే సామగ్రి. ఏ మార్గమున పోవలెనో ఎవ్వరును చెప్పరు. మార్గనిర్ణయమే అసలు ఆట. పరుగు దాని వెంట నడచునది మాత్రమే.

ఈ క్రీడనే కొందరు అడవినుండి ఏటిలోనికి దింపిరి. లండను నగరమునకు నైరుతి దిక్కున, సన్‌బరీ లాకునకును మోల్సీ లాకునకును నడుమ థేమ్సు నది ఇంచుమించు మూడు మైళ్లు చిన్నచిన్న లంకలను చుట్టుకొని మెల్లగా సాగును. అచ్చట హేంప్టన్ గట్టునుండి బయలుదేరిన యొక చిన్న పోటీలో నేను కెనూ ముందుభాగమున కూర్చుండి తెడ్డు వేసితిని. వెనుక కూర్చుండి దారి మలపు పని నా మిత్రునిది. విల్లో కొమ్మలకును, నీటిలో పాతిన గుంజలకును వ్రేలాడగట్టిన పలకలపై నొక్కొక అక్షరముండును. దానిని చీటీపై వ్రాసికొని రావలెను. దూరపు పలకలకు ఎక్కువ మార్కులు, దగ్గరవానికి తక్కువ. ఏ వరుసనైనను పోవచ్చును, వేనినైనను విడువవచ్చును. గంటన్నర దాటినచో ఆలస్యమైన ప్రతి నిమిషమునకును మార్కులు కోసివేయుదురు.

నేలపై పరుగిడువాడు పటమును చేత పట్టి, తాను తిరిగినప్పుడెల్ల దానిని త్రిప్పుకొనుచు, తానున్న చోట బొటనవ్రేలు నుంచుకొని పోవును. కెనూలో రెండు చేతులును తెడ్డువే. పటము తడి చొరని సంచిలో మోకాళ్ల ముందర కట్టువడి యుండును. అంతకన్న గొప్ప చిక్కు కంటిది. నీటిమట్టమునకు మూరెడు రెండు మూరల యెత్తున నున్న కన్నులకు లంక లంకగా కనబడదు. దాని చెట్లు ఆవలి గట్టు చెట్లతో కలిసిపోయి, నడుమనున్న పాయ నోరు సరిగా ఎదుటికి వచ్చుదాక మూసికొనియే యుండును. పటమున స్పష్టముగా విడివడియున్న ప్లాట్స్ ఎయిట్, గారిక్స్ ఎయిట్, టాగ్స్ ఐలండ్ అను లంకలు నీటిమీదికి వచ్చునప్పటికి ఒకే పచ్చని గోడ యగును. అట్టి సమయమున 1756లో డేవిడ్ గారిక్ అను నటుడు షేక్స్పియరు పేర గట్టున కట్టించిన చిన్న గుడి గోపురము కనబడినచో, మే మెచ్చట నున్నామో నిశ్చయముగా తెలియును.

అయినను పటము దాచిపెట్టు విషయములలో ముఖ్యమైనది ఇంకొకటి కలదు. అందు నది నీలపు పట్టీ, ప్రవాహము లేదు. నిశ్చలజలమున గంటకు 6 కిలోమీటర్లు పోగల కెనూ, గంటకు 2 కిలోమీటర్ల వడిగల యేటిలో దిగువకు 8, ఎగువకు 4 మాత్రమే పోగలదు. 4 కిలోమీటర్లు దిగి మరల వచ్చుటకు పోవునప్పుడు అరగంట, వచ్చునప్పుడు గంట. చెరువులోనైనచో ఎనుబది నిమిషములలో ముగియు పని యేటిలో తొంబది నిమిషములగును. వాలులో నది చేసిన సాయము కొద్దిసేపే మనతో నుండి, ఎదురులో అది పెట్టు బాధ చాలసేపు నిలుచుటయే దీనికి కారణము. ఇచ్చిన యప్పును వడ్డీతో రాబట్టుకొను షాహుకారువలె ఏరు తన లెక్క తాను సరిచూచుకొనును.

ముందు ఎగువకు పోయినను, ముందు దిగువకు పోయినను మొత్తము కాలము సమానమే గదా, వరుసతో పనియేమి, అని గణితజ్ఞు డడుగవచ్చును. లెక్క నిజమైనచో అతని మాటయు నిజమే. కాని మనుష్యుని అంచనా ఎన్నడును సరిగా లెక్కవలె నడువదు; చేతులు అనుకొన్నదానికన్న ముందే అలసిపోవును, పలక అనుకొన్న కొమ్మకు కాక పైకొమ్మకు వ్రేలాడును, లాకు చెంత పెద్ద పడవలు వరుసకట్టి దారి కాచును. ఇట్లు పోయిన పది నిమిషములను వాలులో తిరిగివచ్చువాడు కొంత సంపాదించుకొనగలడు. ఎదురులో తిరిగివచ్చువానికి ఆ పదియు ఇరువది యగును. ఆ దినమున హేంప్టన్ గట్టు విడిచిన పడవలలో పెక్కు టాగ్స్ ఐలండ్ వైపునకే, ఏరు చూపిన సులభమార్గముననే, వేగముగా జారిపోయెను. మేము సన్‌బరీ వైపునకు తిరిగితిమి. మొదటి అరగంటలో మా చీటీపై రెండక్షరములైన లేవు, వెనుకనున్న మిత్రుని నిట్టూర్పులు మాత్రము లెక్కకు మించినవి.

గోదావరి ప్రాంతమువారికి ఇది క్రొత్త విద్య కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువలలో పడవలు నడచిన కాలమున, గట్టుమీద నడచుచు భుజమున తాడు వేసికొని సరుకు పడవలను లాగినవారికి, ఎగువ మైలును దిగువ మైలును ఒకటి కావని ఏ పటమును చెప్పనక్కరలేకుండెను.

ఐనను ఎగువకే పోవలెనను నియమము శాసనము కాదు. దిగువనుండి గాలి బలముగా వీచు దినమున అది వాలును మ్రింగివేయగలదు. థేమ్సు లాకుల వద్ద ప్రవాహము హెచ్చుచున్నదని తెలుపు పసుపు పలక పెట్టిననాడు లెక్క మరల వేసికొనవలెను. ఎఱ్ఱ పలక పెట్టిననాడు తెడ్డు వేయు చిన్నపడవలు కదలకుండుటయే మేలు. కనుక నేర్చుకొనవలసినది దిక్కు కాదు. అంచనా తప్పితీరునని ముందే యొప్పుకొని, ఆ తప్పు బయటపడు వేళకు నీరో గాలియో తనకు తోడుగా నుండునట్లు ప్రయాణమును కూర్చుకొనుట ఈ యాటలోని నేర్పు. వేగముగా తెడ్డు వేయువా రనేకులు గలరు. ఈ కూర్పు తెలిసినవారు వారికన్న నెమ్మదిగా పోయియు, మార్కులతోను గడువులోను గట్టు చేరుదురు.