పానా పట్టకముందు

ఇంట్లో ఆయిల్ మార్చుకున్న బండిని షెడ్డుకు తెచ్చేవాడు సగం సంగతే చెబుతాడు. "పొగ కొడుతుందన్నా" అంటాడు, లేదంటే "కిందికెల్లి కారుతుంది" అంటాడు. నిన్న తానే ఆయిల్ మార్చానన్న ముక్క ఆఖర్న వస్తుంది, అదీ అడిగితేనే. పని తెలిసిన మేస్త్రీ ఆ ముక్కను ముందే రాబడతాడు. "ఆయిల్ ఎవలు మార్చిన్రు? ఎంత దిగింది? ఎంత పోసినవ్?" జవాబులు వచ్చేదాకా పానా ముట్టడు. ఇంజన్ విప్పి బిగించడం చాలామందికి వస్తుంది. ఎప్పుడు విప్పకూడదో తెలిసినవాళ్లు తక్కువ. నేను మెచ్చుకోదలచింది ఆ రెండో రకం పనితనాన్ని.

నేను చెబుతున్నది నవాబుపేట షెడ్ల సంగతి. నవాబుపేట అంటే వికారాబాద్ జిల్లాలోది. మహబూబ్‌నగర్ జిల్లాలో అదే పేరుతో ఇంకో మండలం ఉంది, అది వేరు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది రంగారెడ్డి జిల్లా కిందే ఉండేది. కూరగాయలు, పూలు పండించే ఊళ్లు చుట్టూ ఉండటంతో ఇక్కడి బైకు ఒక్క మనిషిని మోసి ఊరుకోదు. పాల క్యాన్లు, మందు డబ్బాలు, టమాటా బాక్సులు, వెనక ఇంకో మనిషి. ఆ బరువుతో నడిచే బండికి ఆయిల్ త్వరగా పలచబడుతుంది, నల్లబడుతుంది. దాంతో ఫోన్‌లో వీడియో చూసి ఇంటి ముందే ఆయిల్ మార్చేసేవాళ్లు పెరిగారు. అందులో తప్పేమీ లేదు. 900 మిల్లీలీటర్ల డబ్బా, 17 నంబర్ రింగ్ పానా, ఒక పాత బేసిన్ ఉంటే అరగంట పని.

ఇక్కడ ఎక్కువగా కనిపించే ఇంజన్ కూడా ఇంటివాడి చేతికి లొంగేలా చేసిందే. 1985లో హీరో హోండా సీడీ 100తో మన దేశంలోకి వచ్చి, 1994లో స్ప్లెండర్‌తో ఊరూరా చేరిన ఈ వంద సీసీ ఇంజన్ (లెక్కకు 97.2 సీసీ) వంశం వెతికితే 1958 నాటి హోండా సూపర్ కబ్ దాకా పోతుంది. ఇందులో మార్చాల్సిన కాగితం ఫిల్టర్ లేదు. అడుగున ఒక తీగ జల్లెడ, లోపల వేగంగా తిరుగుతూ మడ్డిని అంచుకు విసిరి పట్టి ఉంచే ఒక గిన్నె, అంతే. ఇంట్లో ముట్టుకోవాల్సినవి కింద ఒక బోల్టు, పక్కన ఒక గేజి. తప్పు చేయడానికి ఆ రెండూ చాలు.

ముందు గేజి సంగతి. స్ప్లెండర్ గేజి కుడివైపు ఉంటుంది, సైడ్ స్టాండ్ ఎడమవైపు. సైడ్ స్టాండ్ మీద వాలిన బండిలో ఆయిల్ ఎడమకు చేరుతుంది కాబట్టి గేజికి తక్కువ అంటుతుంది. తక్కువుందనుకుని ఇంకాస్త పోస్తారు. ఇది ఒక తప్పు. గేజిని మరలోకి తిప్పకుండా ఊరికే దించి చూడాలని కంపెనీ చెబుతుంది. తిప్పి బిగిస్తే అది ఇంకా లోతుకు దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. ఇది దానికి ఎదురు తప్పు. ఒక్కోసారి రెండూ ఒకే ఇంట్లో జరిగి, ఒకదాన్నొకటి కొట్టేసి, బండి ఏ జబ్బూ లేకుండా తిరుగుతుంటుంది. అలాంటివాళ్లు షెడ్డుకు రారు, వీడియో మంచిదని నలుగురికీ పంపుతారు.

మేస్త్రీ చేసేది ఇది. బండిని సమనేల మీద పెద్ద స్టాండ్ వేసి నిలబెడతాడు. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపుతాడు. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగుతాడు. గేజి తీసి తుడిచి, తిప్పకుండా దించి, మళ్లీ తీసి వెలుతురుకు పెడతాడు. ఆ ఆగిన నిమిషాల్లో చుట్టూ ఉన్నవాళ్లకు అతను ఏ పనీ చేయనట్టే కనిపిస్తుంది. అసలు పరీక్ష అప్పుడే నడుస్తోంది.

ఆయిల్ ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలుకుతుంది. నురగ లేస్తుంది, బండి బరువుగా లాగుతుంది, బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ ఎగదన్ని గాలి ఫిల్టర్ పెట్టెలోకి చేరుతుంది. అక్కణ్నుంచి ఇంజన్ దాన్ని పీల్చుకుని కాలుస్తుంది, సైలెన్సర్ నుంచి నీలి పొగ. ఈ పొగ చూడగానే "బోరుకొచ్చింది, దించాలె" అనేసే, అంటే సిలిండర్ అరిగింది, ఇంజన్ విప్పాలనేసే షెడ్లున్నాయి. మన మేస్త్రీ ముందు గాలి ఫిల్టర్ మూత తీసి వేలితో తడుముతాడు. లోపల ఆయిల్ తడి ఉంటే బోరు మాటే ఎత్తడు. ఎక్కువైన ఆయిల్ తీసి, ఫిల్టర్ బాగుచేసి పంపిస్తాడు. ఇంకా ముందు చూసేది పొగ ఎక్కడ లేస్తోందన్నది. ఆయిల్ పోసే మూత కుడివైపు, సైలెన్సర్ బెండు కూడా అటే. గరాటు లేకుండా పోస్తే ఒలికిన బొట్లు బెండు మీద మాడి పొగలొస్తాయి. సైలెన్సర్ మూతి దగ్గర పొగ లేకుండా బెండు దగ్గరే లేస్తుంటే, తుడిచి పది నిమిషాలు తిప్పమంటాడు. దానికి డబ్బులు కూడా అడగడు.

ఆయిల్ తక్కువైతే చప్పుడు పైనుంచి మొదలవుతుంది. హెడ్‌లోని క్యామ్, రాకర్లకు ఆయిల్ కిందినుంచి పంపు ఎక్కించాలి. టక్‌టక్‌మంటే ట్యాపెట్ మూత విప్పి, బండిని నెమ్మదిగా నడిపించి, లోపల తడి మెరుస్తోందా అని చూస్తాడు. ఎండిపోయి ఉంటే వెంటనే ఆపేస్తాడు. గేజి చెప్పినంత ఆయిల్ ఉండి కూడా పైకి ఎక్కడం లేదంటే అనుమానం జల్లెడ మీదికి పోతుంది. తుడిచిన గుడ్డ పోగులు లోపల పడి జల్లెడను మూసేయడం ఉన్నదే. విప్పాల్సిన సందర్భం ఇది, అప్పుడు వెనకాడడు.

ఇక కారడం. కారే ఆయిల్ పుట్టిన చోట కనిపించదు. గాలికి వెనక్కి జరుగుతుంది, అంచుల వెంట పాకుతుంది, ఇంకెక్కడో బొట్టవుతుంది. అందుకే ముందు పెట్రోలు గుడ్డతో ఇంజన్ అడుగంతా కడిగినట్టు తుడుస్తాడు. ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లి బండి నడిపిస్తాడు. తెల్లటి పొర మీద తడి గీత ఏ అంచున మొదలైతే రోగం అక్కడ. దాదాపు ప్రతిసారీ అది డ్రెయిన్ బోల్టు చుట్టే.

ఆ బోల్టును చేతిలోకి తీసుకుని చూడాలి. తల 17 మిల్లీమీటర్లు, కాడ 12. మెడకు ఒక మెత్తటి అల్యూమినియం వాషర్. బిగించినప్పుడు కొద్దిగా నలిగి, రెండు లోహాల మధ్య సందును మూయడమే దాని ఉద్యోగం. ఒకసారి నలిగినదాన్నే మళ్లీ వాడితే ఆ పని సగమే చేస్తుంది. మేస్త్రీ వాషర్ రెండు ముఖాల మీదా గోరు నడుపుతాడు. గాటుంటే గోరు ఆగుతుంది. తాండూరు వైపు నుంచి నాపరాళ్ల లారీలు తిరిగే దారుల్లో దుమ్ము ఎక్కువ. ఆయిల్ జిడ్డుతో కలిసి బోల్టు చుట్టూ పేరుకుంటుంది. విప్పేముందు తుడవకపోతే అందులో ఒక రేణువు వాషర్ కింద చేరినా చాలు, ఎంత బిగించినా చెమర్చుతూనే ఉంటుంది. పాత డీజిల్ ఇంజన్ల రాగి వాషరైతే ఇంకో ఉపాయం ఉంది. నలిగి గట్టిపడ్డ రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. అల్యూమినియం మీద ఈ పని చెయ్యడు. అది ఎర్రబడకుండానే కరిగిపోతుందని అతనికి తెలుసు.

చెమర్చే బోల్టును చూసి కొత్తవాడు చేసే పని ఇంకా బిగించడం. పానా చివర పైపు తొడిగేవాళ్లు, కాలేసి తొక్కేవాళ్లు ఉన్నారు. బోల్టు ఉక్కు, ఇంజన్ పెట్టె అల్యూమినియం. ఓడిపోయేది పెట్టే. "చూడీలు పోయినయ్ పటేలా" అని మేస్త్రీ అంటే లోపలి మరలు బోల్టుతో పాటు తీగలు తీగలుగా ఊడి వచ్చాయని అర్థం. చాలామంది ఆ బోల్టు చుట్టూ ఎం-సీల్ ముద్ద అద్ది తెస్తారు. దాన్ని గీకి తీయడానికే సగం పూట పోతుంది, ఆ సేపు మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడడు.

మర తిరిగి వేసే తీరు చూడదగ్గది. మర కోసే ట్యాప్ గాడుల్లో గ్రీజు దట్టిస్తాడు, చెక్కుడు ముక్కలు లోపలికి రాలకుండా దానికే అంటుకోవాలని. నిట్టనిలువుగా పెట్టి అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతాడు. వెనక్కి తిప్పినప్పుడు చెక్కు విరుగుతుంది, విరగకపోతే కొత్త మరను గీరేస్తుంది. మధ్యమధ్య ట్యాప్ బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు. రంధ్రం మరీ పెద్దదైపోతే స్టీలు తీగ చుట్ట, అంటే హెలికాయిల్, దించి పాత కొలత బోల్టే పట్టేలా చేయవచ్చు. సరంజామా లేకపోతే లేత్ ఉన్నచోటికి పంపుతాడు, చేతనైనట్టు నటించడు. పని అయ్యాక బోల్టు వెంటనే పెట్టడు. పైనుంచి కొంచెం ఆయిల్ పోసి కింద రంధ్రంలోంచి కారనిస్తాడు, మిగిలిన తుక్కు దాంతో పోతుంది. ఆ తర్వాతే కొత్త వాషర్, వేళ్లతో తిరిగినంత, ఆ మీద మణికట్టు బలంతో పానా. భుజం వాడడు.

పోసిన ఆయిలే తప్పైతే జబ్బు వేరుగా ఉంటుంది. స్ప్లెండర్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలిపి ఉండవచ్చు, అది పోస్తే ప్లేట్లు పట్టు తప్పుతాయి. అందుకే బైకుల కోసం జపాన్‌వాళ్లు 1998లో జాసో అనే ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనక ఎంఏ అని ఉంటే తడి క్లచ్ బైకులకు, ఎంబీ అని ఉంటే యాక్టివాలాంటి స్కూటర్లకు. ఇంట్లో యాక్టివాకని తెచ్చింది మిగిలిందని బైకులో పోసేవాళ్లు ఈ అక్షరాలు చూడరు. నవాబుపేట చదును రోడ్ల మీద తేడా తెలియకపోవచ్చు. వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. మేస్త్రీ ముందు ఖాళీ డబ్బా తెమ్మంటాడు, క్లచ్ తర్వాత.

యాక్టివా సంగతి వచ్చింది కాబట్టి, దాంట్లో వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్‌కు వేరే బోల్టుంది. అది విప్పి వంద మిల్లీలీటర్ల చిల్లర దించి, ఇంజన్ ఆయిలే దిగిందనుకుని, పైన డబ్బా అంతా పోస్తారు. గేర్లు ఎండిపోయి, ఇంజన్ రెట్టింపు నిండి ఉంటుంది. "ఎంత దిగింది" అన్న ప్రశ్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

ట్రాక్టర్‌వాళ్ల ఫిర్యాదు ఇంకో రకం: "నిన్న పోసిన ఆయిల్ అప్పుడే నల్లగైంది, డూప్లికేట్ అంటగట్టిండు." డీజిల్ ఇంజన్‌లో మసి ఉంటుంది, కొత్త ఆయిల్ దాన్ని పట్టుకుని కాసేపట్లోనే నల్లబడుతుంది. పట్టుకోవడమే దాని పని. మేస్త్రీ బొట్టును వేళ్ల మధ్య రుద్ది గరుకు లేదని చూపిస్తాడు. చాయ్ రంగు తేలితే మాత్రం ముఖం మారుతుంది, నీళ్లు కలిశాయన్నమాట. పాత ట్రాక్టర్లలో గాలి శుభ్రం చేసే గిన్నెలోనూ ఆయిల్ ఉంటుంది. గీత దాటి పోస్తే ఇంజన్ దాన్నే పీల్చి, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగు తీయగలదు. అప్పుడు గాలి దారి మూయడమొక్కటే మార్గం, అదీ చేతితో కాదు, చెక్కతో. ఆ గిన్నెను అతను గీతకు తెచ్చి, క్లిప్పులు వేసి, రెండోసారి తీసి చూస్తాడు.

నా మెచ్చుకోలు ఆగేది షెడ్డు వెనక. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. డ్రమ్ములో పట్టి కొనేవాళ్లకిచ్చే షెడ్లున్నట్టే నేల మీద వదిలేసేవీ ఉన్నాయి. ఇళ్లల్లో ఇంకా కష్టం, మోరీలోకో, చెదలు పట్టకుండా గుంజలకో పోతుంది. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాలోనే పాతది పోసి, నీళ్లు, డీజిల్ కలపకుండా మూతపెట్టి, డ్రమ్మున్న షెడ్డుకు ఇచ్చేయొచ్చు. కలిపితే దాన్ని మళ్లీ శుద్ధి చేయడం కష్టమవుతుంది.