జారి పడితే దెబ్బ ఎక్కడ తగులుతుంది?

మహారాష్ట్రలోని మా షోలాపూర్ పూర్వభాగ్‌లో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు గోడ దాటి వినిపించే తెలుగు మాట్లాడే పద్మశాలి వాడల్లో, ఆడవాళ్ల ఒంటి మీది దెబ్బలకు తరచూ వినపడే జవాబు ఒకటే: "మెట్ల మీద జారి పడ్డనక్కా." పక్కనే మొగుడో అత్తో నిలబడి ఉంటారు. కేస్ పేపర్ మీద అదే మాట ఎక్కుతుంది.

గాయాలను సాక్ష్యంగా చూసే విద్య, ఫోరెన్సిక్ నర్సింగ్, నేర్చిన నర్సు అక్కడ ఆగుతుంది. పడ్డవాళ్లకు ఎక్కువగా మోకాళ్లు, మోచేతులు, అరచేతులు కొట్టుకుపోతాయి. దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకు ముంజేయి చిటికెనవేలి వైపు కములుతుంది. దండచేతి లోపల వేళ్ల గుర్తులుంటే ఎవరో గట్టిగా పట్టుకున్నారేమో అనుకోవాలి. అయినా ముందు వీటి గురించి అడగదు. "బీపీ చూడాలి, మీరు కాస్త బయట కూర్చోండి" అని తోడొచ్చినవాళ్లను పంపుతుంది. సగం విద్య అదేనని నా అభిప్రాయం.

దెబ్బలతో వచ్చినవాళ్ల బట్టల సంగతి మాలాంటి నేత కుటుంబాలవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. బట్ట కత్తిరించి తీయాల్సి వస్తే చిరుగు మీదుగా కత్తెర పోనివ్వకూడదు, ఆ చిరుగే సాక్ష్యం. రక్తంతో తడిసిన చీరను గాలికి ఆరనిచ్చి, ఒక్కో బట్టను విడివిడిగా కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ చేరి బూజు పడుతుంది. కొత్త చాదర్‌ను పాలిథిన్‌లో చుట్టి అమ్మే మాకు ఇది తిరకాసుగానే తోస్తుంది!

లైంగిక దాడి కేసుల్లో నమూనాలు 96 గంటల్లోపు తీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీడీలు చుట్టి కార్ఖానాలో అప్పజెప్పకపోతే కూలి దొరకని మనిషికి ఆ నాలుగు రోజులు ఎంతలో గడిచిపోతాయి? గడువు దాటినా వైద్యం చేయాల్సిందే, గాయాలు రాయాల్సిందే. ప్రైవేటు ఆసుపత్రైనా ఆ వైద్యానికి డబ్బు అడగకూడదు. బాధితురాలి యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్షను 2013లో తప్పుబట్టిన సుప్రీంకోర్టు, 2022లో మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చింది.

మన దేశంలో లైంగిక దాడి కేసుల్లో వైద్య పరీక్ష చేసి సంతకం పెట్టేది డాక్టరే. కానీ డాక్టరు వచ్చి వెళ్తారు, డ్యూటీ అంతా మంచం పక్కన ఉండేది నర్సు. ముంబయి బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000లో మొదలైన 'దిలాసా' కేంద్రం హింసకు గురైన ఆడవాళ్లను ఆసుపత్రిలోనే గుర్తించి ఆదుకోవచ్చని చూపించింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా 2021 బీఎస్సీ సిలబస్‌లో ఫోరెన్సిక్ నర్సింగ్‌ను చేర్చింది, 20 గంటల పాఠంగా. 20 గంటల్లో సాంచా నడపడం కూడా రాదు. డ్యూటీలో ఉన్న నర్సులకు ఆసుపత్రుల్లోనే శిక్షణ ఇవ్వాలి, మా ఊళ్లో తెలుగు వచ్చినవాళ్లకు ముందుగా.