క్యూసెక్కులో ఏముంది?

అశోక్‌నగర్ జిరాక్స్ దుకాణాల్లో దొరికే ఏ జనరల్ సైన్స్ నోట్సు తిరగేసినా మొదటి పేజీల్లోనే ఒక పట్టిక ఉంటుంది. ఎడమ పక్క రాశి, కుడి పక్క ప్రమాణం. బలం – న్యూటన్, పీడనం – పాస్కల్, పని – జౌల్, సామర్థ్యం – వాట్. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చునే అభ్యర్థులు దీన్ని దేశాలు–కరెన్సీల పట్టికను చదివినట్టే చదువుతారు. నా అభ్యంతరం అక్కడే. జపాన్ కరెన్సీ యెన్ ఎందుకైందని అడిగి లాభం లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. పీడనానికి పాస్కల్ ఏమిటని అడిగితే మాత్రం జవాబుంది. చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే అది పాస్కల్. ఆ న్యూటన్ ఏమిటంటే, ఒక కిలో ద్రవ్యరాశి వేగాన్ని సెకనుకు సెకనుకు మీటరు చొప్పున పెంచే బలం. పేరు శాస్త్రవేత్తది, లోపలున్నవి కిలో, మీటరు, సెకను. ఉత్పన్న ప్రమాణం పేరు కాదు, లెక్క. లెక్కను పేరుగా బట్టీ పట్టించడం పరీక్షకైనా పనికొచ్చే పద్ధతి కాదు.

ఒక కొలత నుంచి ఇంకో కొలతను పుట్టించే ఈ ఆలోచన మనకు బయటినుంచి వచ్చిందేమీ కాదు. గింజలు కొలిచే తూము, పుట్టి మన పల్లెల్లో నేలనూ కొలిచాయి. తూమెడు విత్తనాలు చల్లే నేల తూమెడు నేల. ఘనపరిమాణం నుంచి వైశాల్యం పుట్టించారన్నమాట. చిక్కేమిటంటే విత్తనం మారితే, నేల సారం మారితే తూమెడు నేల కూడా మారిపోతుంది. పట్నంలో ఇంకో రకం ఇరకాటం. నారాయణగూడ బట్టల కొట్లో గజమంటే పొడవు, రెండు వీధుల అవతల ఇంటి జాగా బేరంలో గజమంటే వైశాల్యం. ‘చదరపు’ అనే మాట నోట్లోనే అరిగిపోయింది. కొనేవాడికీ అమ్మేవాడికీ సందర్భం తెలుసు కాబట్టి నష్టం లేదు. కానీ గజం 0.9144 మీటరు కదా అని ఇంటి గజాన్నీ అంతే వేసుకున్న పిల్లవాడు తప్పులో కాలేస్తాడు. చదరపు గజం 0.836 చదరపు మీటరు, ఎందుకంటే మార్చే అంకెను కూడా వర్గం చెయ్యాలి. పేరు దాచేసినదాన్ని లెక్క బయటపెడుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చే ఉదాహరణ క్యూసెక్కు. వానాకాలంలో తెలుగు పత్రిక చదివేవాళ్లకు న్యూటన్ కన్నా ఎక్కువ పరిచయమున్న ఉత్పన్న ప్రమాణం ఇదే. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు అని దాని అర్థం. అయినా ‘సెకనుకు లక్ష క్యూసెక్కులు’ అని రాసేస్తుంటాం, సెకను అందులో ఉండగానే మళ్లీ తగిలిస్తాం. టీఎంసీ వేరు, అది వంద కోట్ల ఘనపుటడుగులు. ప్రవాహం కాదు, నిల్వ. ఈ రెంటి మధ్య సంబంధం ఏ పట్టికా చూడకుండా తేల్చవచ్చు. రోజుకు 86,400 సెకన్లు. వంద కోట్లను దాంతో భాగిస్తే సుమారు 11,574. అన్ని క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ ఆగకుండా పారితే ఒక టీఎంసీ. సాగునీటి మీద ప్రశ్న ఎలా తిప్పి అడిగినా ఇది చాలు.

దీనికి కోచింగ్ మేస్టర్లు చెప్పే జవాబు తేలిగ్గా తీసెయ్యదగింది కాదు. గ్రూప్ వన్ ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. నిమిషానికో ప్రశ్న; అందులో న్యూటన్‌ను విప్పుకుంటూ కూర్చుంటారా అంటారు. పైగా సగంమంది ఆర్ట్స్ చదివినవాళ్లు. కానీ బరువు ఎటుందో చూడండి. ఎస్సై అనే అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో ప్రాథమిక ప్రమాణాలు ఏడు, ప్రత్యేకమైన పేరున్న ఉత్పన్న ప్రమాణాలు 22. ఆంపియర్‌ను సెకనుతో గుణిస్తే కూలుంబ్, వాట్‌ను ఆంపియర్‌తో భాగిస్తే వోల్ట్, వోల్ట్‌ను మళ్లీ ఆంపియర్‌తో భాగిస్తే ఓమ్. ఒక కొస పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. ఇక న్యూటన్–మీటర్, వాట్–సెకను, వోల్ట్–కూలుంబ్, పాస్కల్–మీటర్ ఇచ్చి జౌల్ కానిదేదని అడిగారనుకోండి. బట్టీ పట్టినవాడికి నాలుగూ కొత్తవే. విప్పడం తెలిసినవాడు పాస్కల్–మీటర్ దగ్గర ఆగుతాడు, అది మీటరుకు న్యూటన్ మాత్రమే.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. విప్పితే అన్నీ తేలవు. పౌనఃపున్యానికి హెర్ట్జ్, రేడియోధార్మికతకు బెకరల్. విప్పితే రెండూ ‘సెకనుకు ఒకటి’. టార్క్‌దీ పనిదీ ఒకే న్యూటన్–మీటర్. నిజమే. పేర్లు పెట్టిందే అందుకు. కిలోకు ఒక జౌల్ అనే ఒకే కొలత, శరీరం పీల్చుకున్న వికిరణానికైతే గ్రే, దాని హానిని లెక్కగట్టేటప్పుడు సీవర్ట్. ఆస్పత్రిలో రెండూ కలిసిపోతే ప్రమాదం. కాబట్టి పేరు నేర్చుకోవద్దని కాదు, లెక్క తరవాత నేర్చుకుంటే ఆ పేరు ఎందుకు కావలసివచ్చిందో తెలుస్తుంది.

ఆ ఏడు ప్రాథమిక ప్రమాణాలనూ ప్రకృతి ఇచ్చిందనుకోనక్కర్లేదు. 1960లో ఎస్సై మొదలైనప్పుడు ఆరే, 1971లో మోల్ చేరింది. 2019 మే 20 నుంచి కిలోకు ఆధారం పారిస్ శివార్లలోని లోహపు దిమ్మ కాదు, ప్లాంక్ స్థిరాంకం. ఏది మొదలు, ఏది దాన్నుంచి పుట్టింది అన్నది మనుషులు కూర్చుని తేల్చుకున్న ఏర్పాటు. ఆ సంగతి తెలియకనే ‘అనుబంధ ప్రమాణాలు రెండు: రేడియన్, స్టెరేడియన్’ అని ఇప్పటికీ అచ్చేసే గైడ్లున్నాయి. చాపం పొడవును వ్యాసార్థంతో, అంటే మీటరును మీటరుతో, భాగిస్తే మిగిలేది ఉత్త అంకె. రేడియన్ కూడా ఉత్పన్నమే. తీరా పరీక్ష కీలోనూ పాత జవాబే వస్తే? ప్రాథమిక కీ మీద అభ్యంతరాలకు గడువిస్తారు. అక్కడ రాయడానికి ఆధారముంది: ఆ అనుబంధ తరగతిని తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1995లోనే తీసేసింది.